సీలు విప్పని బండి

"దాని సీలు ఎవరు విప్పమన్నారే?" గుమ్మంలో నుంచే అరిచాడు వేణుగోపాల్.

"ఈ పొద్దు ఆయుధపూజ గదా! స్కూటరుకు బొట్టు పెట్టి మీ బండ్లకు పెట్టకుంటే ఎట్ల?" అంది భార్య పద్మప్రియ.

అద్దాల బీరువాలో బొమ్మ సైనికుల బండ్లన్నీ బొట్లతో మెరుస్తున్నాయి. తేలు తోక ఉన్న జీపు కింద, సగం పడవా సగం లారీ అయిన బండి కింద కూడా నిమ్మకాయలున్నాయి. ఆ బొట్లు తుడుచుకోవచ్చు. చంద్రుడి మీద తిరిగే ఎనిమిది చక్రాల బండి సంగతి అలా కాదు. చిన్నప్పుడు ఏడ్చినా దొరకనిది, రెండేళ్ల కిందట సీలు వేసిన డబ్బాతో సహా దొరికింది. "సీలు విప్పితే విలువ పోతాది" అంటూ మైదుకూరులో అందరికీ దూరం నుంచే చూపించేవాడు.

"మీ బండ్లన్నీ వింతవే గానీ, దీనికి చక్రాలు యాడుండాయో మీరే చూపియ్యండి. నిమ్మకాయ పెట్టాల."

వేణుగోపాల్ డబ్బాలోకి తొంగి చూశాడు. పాత పేపరు మడతల్లో సగం ఇటుక ఉంది. దానికీ బొట్టు పెట్టేసింది.

అంతలో సెల్లు మోగింది. కర్నూలు నుంచి భూపేష్. అతనికీ ఇదే పిచ్చి.

"వేణన్నా, చంద్రుడి బండి నాకూ దొరికిందన్నా! నీకమ్మినాయన దగ్గరే. నా బండ్లన్నీ ఇచ్చి తెచ్చుకున్నా. మా అమ్మ సీలు విప్పి బొట్టు పెడతానంటాంది. పెట్టమందునా?"

వేణుగోపాల్ ఇటుక మీది కుంకుమ తుడిచి, డబ్బా మూత పెట్టాడు.

"వద్దప్పా," అన్నాడు మెల్లగా. "సీలు విప్పితే విలువ పోతాది."