శుక్రవారం మాటలు

"అరవంలో అయితే నేను సెప్పను" అని పంకజం మొహం తిప్పేసుకుంది.

మనవరాలు భువనేశ్వరి కాగితాలు ఒళ్లో పెట్టుకుని తల పట్టుకుంది. కోయంబత్తూరు దాయాదులు వంశచరిత్ర పుస్తకం వేస్తున్నారు. ఒక్కో ఇంటి పెద్ద తన బతుకు కథ తన మాటల్లోనే రాసివ్వాలట. మదురై ఇంటికి మిగిలిన పెద్ద పంకజం ఒక్కతే. పుస్తకం రేపు అచ్చుకు పోతుంది.

"అవ్వా, నీ తెలుగు నాకు సగం అర్థం కాదు. మరి రాసేదెవరు?" అంది భువన, అరవంలోనే.

"నేను పుట్టింది తెలుగులో, ఏడ్సింది తెలుగులో, మీ తాతతో కొట్లాడింది తెలుగులో. కత మాత్రం అరవంలో సెప్పాల్నా? అప్పుడది నా కత యెట్లయితాది కన్నూ, పక్కింటామె కత అయితాది."

తెలుగు రాయడం ఆమెకూ రాదు. ఆ ఇంట్లో ఎవరికీ రాదు. బళ్లో అరవం, ఇంట్లో తెలుగు అనుకుంటూ తరాలు గడిచిపోయాయి. తెలుగు మాటని అరవ అక్షరాల్లో పెట్టుకోవడం వాళ్లకు అలవాటే గానీ, దానికైనా ముందు మాట అర్థం కావాలి కదా. కొడుకు అరవిందన్‌కి కొట్లో పనికొచ్చే నాలుగు ముక్కలే వచ్చు. అతను ఇష్టపడి చేసుకున్న వల్లి ఆండిపట్టి అరవపిల్ల. చెల్లెలు కోదై పోయాక పంకజం తెలుగుకి బదులు పలికే గొంతే లేకుండా పోయింది. రోజూ పూజగదిలో పెరుమాళ్లతో మాట్లాడుతుంది గానీ, ఆయన ఊ కొట్టడు. ఈ కథైనా తన మాటలో నిలవకపోతే, తను ఆ మాట మాట్లాడి బతికిన సంగతి తనతోనే పోతుంది. అదీ ఆమె దిగులు.

"సరి, చెప్పు. అర్థమైనంత రాస్తా" అని భువన కలం తీసింది.

పంకజం మొహం వెలిగింది. తమ పాత్రల కొట్టు సంగతితో మొదలుపెట్టింది.

"బేరానికి వచ్చినోళ్ల ముందర మేము తెలుగులోనే మాట్లాడుకుంటుంటిమి. 'ఈయమ్మ కొనేది లేదు, పైనుండేటివి దించొద్దు' అంటే మీ తాత దించడు. ఆయమ్మ ఏమీ తెలీక నవ్వుతా నిలబడుంటాది, పాపం."

భువన కూడా నవ్వింది. అంతవరకు బాగానే అర్థమైంది.

తర్వాత కథలోకి శుక్రవారాలు వచ్చాయి. శుక్రవారం మధ్యాహ్నమైతే కోదై వచ్చేది. అక్కాచెల్లెళ్లు వంటింటి గడప దగ్గర కూర్చుని, ఒళ్లో మల్లెమొగ్గలు పోసుకుని, మాల కడుతూ పొద్దుగూకేదాకా మాట్లాడుకునేవాళ్లు. ఎదురుగానే కొత్తకోడలు వల్లి పిండి రుబ్బుతూ ఉండేది. ఆమెతో ఏదైనా అనాలంటే పంకజం అరవంలో అనేది. సాంబారులో ఉప్పెక్కువైందనో, ముగ్గు వంకరపోయిందనో. ఆమె గురించి అనాలంటే మాత్రం తెలుగు. కొట్లో అలవాటు ఇంట్లో ఊరుకుంటుందా?

"అమ్మ ఎదురుగానే అమ్మ గురించా? ఏమనేవాళ్లవ్వా?" అని భువన ముందుకు జరిగింది.

పంకజం గతుక్కుమంది. వంటింట్లో వల్లి కత్తిపీట దగ్గర ములక్కాడలు తరుగుతోంది. ఆ మాటలు గాని కోడలి చెవిన పడితే ఇన్నేళ్ల అత్తరికం వైగై ఏట్లో కలిసినట్టే.

"అది రాయొద్దు. కోదై పూలు కట్టేది రాయి. ఎంత బిర్రుగా కట్టేదో..." ఆమె వేళ్లు మాల కడుతున్నట్టు ఆడాయి. "మాట్లాడేదానికి అది ఒకతి ఉండె కన్నూ. అది పోయినంక నా నోరు తుప్పు పట్టిపోయింది."

"చివరిది అర్థం కాలేదవ్వా" అంది భువన.

కత్తిపీట చప్పుడు ఆగింది. "మాట్లాడే తోడు లేక నోరు తుప్పు పట్టిందంటున్నారు, రాయి" అని లోపలి నుంచి వల్లి అరవంలో చెప్పింది.

పంకజం చటుక్కున వంటింటివైపు తిరిగింది.

వల్లి చెంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కూతురి చేతిలోంచి కలం తీసుకుని కింద కూర్చుంది.

"జరుగు కన్నూ, నేను రాస్తా. సెప్పండత్తా."

తెలుగు. అదీ అచ్చం పంకజం తెలుగే, ఆ సాగదీత కూడా ఆమెదే.

"నీకి... తెలుగు తెలుస్తాదా?"

"ఆలకించి ఆలకించి వచ్చేసిందత్తా."

"అయితే ఆ శుక్రవారం మాటలు..."

వల్లి తల వంచుకుని కాగితం మీద రాస్తూనే పైకి చదివింది. "'ఇది కోడలు కాదే కోదై. నా కడుపున పుట్టాల్సిన బిడ్డ, దోవ తప్పి ఆండిపట్టిలో పుట్టింది.' ఇది కూడా పెడతా ఉండాను."

పంకజానికి ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపమూ వచ్చింది. పలికే మనిషిని పక్కగదిలోనే పెట్టుకుని, పలకని దేవుడితో ఇన్నాళ్లు గడిపింది.

"కోదై పోయినంకైనా సెప్పొద్దా? యాల మూసుకోని ఉంటివే నోరు?"

వల్లి కలం ఆపింది.

"చిన్నత్త పోయినంక ఆ మాటలే పెరుమాళ్లతో సెప్తా ఉంటిరి గదత్తా. మీరు నన్ను మెచ్చుకునేది తెలుగులో మాత్రమే, నాకి తెలుస్తాదంటే అది కూడా యాడ నిలిపేస్తారోనని."