కొండచేని మోదుగ

ఓబుళేశు గట్టు మీదనే నిలబడిపోయాడు. కొండచేని మోదుగ పూసింది. ఆకన్నది లేదు, కొమ్మకొమ్మకూ పూలే. అన్నీ తెల్లగా ఉన్నాయి.

నిన్న ఎర్రగుంట్లలో సిమెంటు లోడు కోసం లారీ ఆపుకొని, అతను తల్లికి ఫోన్ చేశాడు.

"మా, కంటికి కట్టు ఇప్పినారంట గదా. కనపడతాండాదా?"

"బాగా కనపడతాండాది నాయనా. పొద్దన్నే కొండచేనికి పోయొస్తి. మన మోదుగ తొలిపూత పూసింది," అంది సుబ్బరత్నమ్మ.

"ఏం రంగు?"

"యర్రగా. మోదుగపూలు ఇంకేం రంగుంటాయిరా?"

ఆ మాటకు స్టీరింగు మీద తల ఆనించి, సంతోషం పట్టలేక ఏడ్చేశాడు. ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఆశంతా ఆపరేషన్ చేసిన ఈ కన్ను మీదే.

ఇప్పుడు చూస్తే ఇదీ సంగతి. తల్లుల తీరు తెలిసిందే కదా, బిడ్డ బెంగపడతాడంటే ఎంత బాధైనా కడుపులోనే దాచుకుంటారు. చూపు రాలేదని చెప్పలేక, కాలికి తగిలిన పూలను బట్టి పూత తెలుసుకొని, రంగు ఊహించి చెప్పేసిందనుకున్నాడు.

అయినా కాళ్లు అతన్ని చెట్టు దగ్గరికే లాగాయి. చెప్పులు ఎప్పుడు విడిచాడో అతనికే తెలియదు. తెల్లమోదుగ కింద లంకెబిందెలుంటాయని చిన్నప్పుడు వినడమే గాని, ఆ చెట్టును కళ్లారా చూశామన్నవాళ్లు ఒక్కరూ తగల్లేదు. ఎర్రమట్టి మీద రాలిన పూలు బియ్యం ఆరబోసినట్టున్నాయి. పైన గోరింకలు ఒకటే గోల. ఇంతటి వింత తమ చేనిలో, అదీ అమ్మ విస్తరాకుల కోసం విత్తనం వేసి పెంచిన చెట్టుకు. ఓబుళేశు చేతులెత్తి మొక్కాడు. మొక్కుతుండగానే కళ్లు నిండాయి. ఇంత అందం అమ్మ కంట పడలేదే అని ప్రాణం ఉసూరుమంది.

వెనక నుంచి సద్దిగిన్నె పట్టుకొని, నల్లద్దాలతో సుబ్బరత్నమ్మ మెల్లగా వచ్చింది.

"మా, రేపే మళ్లా కంటాసుపత్రికి పోదాం," అన్నాడు.

"ఎందుకు? నీకేమన్నా చూపు తగ్గిందా?"

"నవ్వులాట గాదు. ఈ పూలు యర్రగా ఉండాయంటివే."

సుబ్బరత్నమ్మ సద్దిగిన్నె కింద పెట్టింది. కొడుకు జుట్టులో చిక్కుకున్న తెల్లపువ్వును తడుముకోకుండా తీసి కళ్లకద్దుకుంది. చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నువ్వు ఫోన్ జేసినప్పుడు నేను టీ అంగట్లో ఉంటిరా. నా పక్కనే, లంకెబిందెలని కొండంతా తవ్వే మారెన్న కూచోనుండె. తెల్లగుండాయని చెప్పింటే, ఈ పొద్దు నీకు ఈడ చెట్టు కనపడునా, గుంత కనపడునా?"