చీకటి గదిలో ఇద్దరు

తలుపు మీద ఎర్ర దీపం మళ్ళీ వెలిగింది. అంటే లోపల చీకటి. ఆ చీకట్లో అతని భార్య, కొత్త డాక్టరు. బయట వరండాలో అతను.

అతను అదే ల్యాబ్‌లో కింది అంతస్తులో రక్తం తీస్తాడు. టెస్టులకొచ్చే పిల్లలు దోమ మామయ్య అంటారు. భార్య పై అంతస్తులో టెక్నీషియను. ఒంటిని కాపాడాల్సిన బలగమే ఒక్కోసారి దారితప్పి సొంత కిడ్నీల మీద, ఊపిరితిత్తుల మీద పడుతుంది. కంచే చేను మేయడమన్న మాట. ఆ దొంగ ఎవరి రక్తంలో ఉన్నాడో పట్టుకోవడం ఆమె పని. గాజు పలక మీద పల్చటి కిడ్నీ పొర, దాని మీద రక్తపు తేట చుక్క, ఆపైన రంగు. చీకటి గదిలో మైక్రోస్కోపు కింద చూస్తే, జబ్బున్న రక్తం పచ్చగా వెలుగుతుంది. ఒక్కరి కన్ను చాలదు. ఇద్దరు చూసి, ఇద్దరూ ఒకే మాట చెప్పాలి.

ఆ రెండో మనిషి ఇదివరకు రిటైర్మెంటుకి దగ్గరపడిన పెద్ద డాక్టరు. అప్పుడు అతనికి ఏ బాధా లేదు. ఈ కొత్తాయనది ఒత్తు జుట్టు, మెత్తటి గొంతు, ఇస్త్రీ నలగని చొక్కా. పావుగంటలో ఆరిపోయే ఎర్ర దీపం మూడు రోజులుగా గంటైనా ఆరడం లేదు. అనుమానం పెనుభూతం అంటారు. అది వచ్చి అతని పక్కలోనే పడుకుంది.

ఇంట్లోనూ భార్య తీరు మారింది. పిలిస్తే పలకదు. పలికితే కళ్ళు కలపదు.

"కూరలో ఉప్పేదీ?" అన్నాడు నిన్న.

"ఈ పూటకి తినేద్దురూ" అని మొహం తిప్పుకుంది.

మనసు ఇంకోచోట ఉంటే ఉప్పేం గుర్తుంటుంది, అని పళ్ళు నూరాడు.

పైగా రోజూ పొద్దున్నే కిందికొచ్చి అతని చొక్కా చెయ్యి మడిచి రక్తం తీసుకుపోతోంది. పేషెంటు రక్తం పక్కన జబ్బులేని మనిషిది పెట్టి చూడటం ల్యాబ్‌లో మామూలే. ఈ నెల వంతు అతనిది. వాళ్ళిద్దరి కులుకులకి నా రక్తం తాగుతున్నారు, అని కుళ్ళిపోయాడు.

ఇవాళ ఇక ఓర్చుకోలేకపోయాడు. ఎర్ర దీపాన్ని లెక్కచేయకుండా తలుపు తోసి స్విచ్చు నొక్కాడు.

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా చూశారు. భార్య కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. డాక్టరు చెయ్యి ఆమె భుజం మీద ఉంది.

"మూడు రోజుల్నించి ఏం చూస్తున్నారయ్యా ఇంతలా? నాకూ చూపించండి!"

డాక్టరు లేచి లైటు ఆర్పాడు. "కూర్చోండి. మీరే చూడండి" అన్నాడు.

అతను కోపంగానే కన్ను ఆనించాడు. పచ్చటి గీత, మెలికలు తిరుగుతూ, కళ్ళు జిగేల్మనేలా వెలుగుతోంది. ఇన్నేళ్ళ కొలువులో అంతటిది చూడలేదు. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఇదన్న మాట సంగతి! ఛీ, బంగారంలాంటి మనిషిని ఏమేం అనుకున్నాడు!

"అమ్మో, ఇంత ముదిరిపోయిందా! ఇంకా చూస్తూ కూర్చున్నారేంటి? కిడ్నీలు పోతాయి, ఆ పేషెంటుని వెంటనే పిలిపించండి!"

చీకట్లో భార్య అతని చెయ్యి వెతికి పట్టుకుంది.

"పేషెంటుది పక్క పలక మీదుందండీ, మీరు చూస్తున్నది జబ్బులేని మనిషిదని పెట్టుకున్న మీ రక్తం."