తిప్పి పెట్టిన గడియారం

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. ఈ వారం పనిగదిలో ఉన్నది ఎవరో శ్రీమంతుడి బంగారు చేతిగడియారం. దానికి తను కొత్తగా కనిపెట్టిన స్ప్రింగు వేసి, పూటకోసారి పక్క మారుస్తున్నారు. ఓసారి వెల్లకిలా, ఓసారి బోర్లా, ఓసారి ఒత్తిగిల్లినట్టు.

"ఎందుకండీ దానికంత సేవ?" అన్నాను.

"ఒక్కో వైపు పెడితే ఒక్కోలా నడుస్తుందే. అన్ని వైపులా తిప్పి చూస్తేగానీ దీని మనసు తెలీదు."

"మరి నా మనసో?"

"నీకేం, ఎటు తిప్పినా ఒకేలా నడుస్తావు" అని నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. నన్ను ఏనాడైనా అంత మెత్తగా పట్టుకున్నారా?

ఆ రాత్రి ఆయన నిద్రపోయాక పనిగదిలోకి వెళ్లాను. చీకట్లో అది టిక్కుటిక్కుమంటోంది. వెల్లకిలా ఉన్న ఆ సవతిని బోర్లా తిప్పేసి వచ్చాను. పొద్దున్నే లెక్క తప్పాలి, ఆయన దాన్ని తిట్టాలి.

వచ్చి చూస్తే, ఎప్పుడూ వెల్లకిలా పడుకునే మనిషి బోర్లా పడుకుని ఉన్నారు.

మళ్లీ వెళ్లి దాన్ని కుడిపక్కకి నిలబెట్టాను. ఆయన కుడిపక్కకి, గోడవైపు తిరిగి ఉన్నారు. అయినా ఆగలేక వెళ్లి ఎడమపక్కకి మార్చాను. తిరిగొచ్చి పడుకుంటే, ఆయన ముఖం నావైపే ఉంది. ఎన్నేళ్లకో! ఆ ఊపిరి చెంపకి తగులుతుంటే భయం కూడా మరిచిపోయి కళ్లు మూసుకున్నాను.

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అయినా పనిగదిలో, బల్ల మీద గడియారాన్ని తిప్పి పెట్టిన చిన్న చప్పుడు.

ఆయన నిద్రలోనే నవ్వి, గోడవైపు తిరిగిపోయారు.