కడవలో సింగిడి

"ఇగో, ముందుగాల నువ్వు తాగు!"

సాయవ్వ నీళ్ల కడవను ఖుద్దూస్ మిస్త్రీ కాళ్ల దగ్గర దించింది. లారీ కింద నుంచి పాకుతూ బయటికొచ్చిన ఖుద్దూస్ కడవలోకి చూశాడు. నీళ్ల మీద ఇంద్రధనుస్సులా సింగిడి రంగులు తిరుగుతున్నాయి.

"రాత్రి వాన పడ్డదో లేదో, నీ షెడ్డుల నల్లనూనె కొట్టుకొచ్చి మా బాయిల పడ్డది. వాడకట్టంత ఏం తాగాలె? నీ పెండ్లాం బిల్కిస్ గూడ గవ్వే నీళ్లు తోడుకపోతది గద!"

"నా నూనె కాదక్కా."

"మరి నా ఇంట్ల లారీలున్నయా? పెద్దమనుషులను పిలుస్త. పొద్దుగూకేలోపు నీ షెడ్డు పీకిస్త."

ఖుద్దూస్ ముఖం పాలిపోయింది. చెరకు లారీలు ఖాళీగా ఉండే ఈ నాలుగు నెలల రిపేర్లే అతనికి ఏడాది తిండి.

"తిట్టేది తర్వాత తిట్టు. ముందు లోపలికొచ్చి సూడు."

షెడ్డు నేలంతా చెరకు పిప్పి మందంగా పరిచి ఉంది. కారిన ప్రతి చుక్కా అందులోనే ఇంకిపోతోంది. ఇంజన్లలోంచి తీసిన నూనె మూత పెట్టిన డ్రమ్ములో ఉంది. గుమ్మం ముందు మోకాలెత్తు మట్టికట్ట. సాయవ్వ కట్ట అవతల పారుతున్న వాననీళ్లు దోసిట పట్టి వాసన చూసింది. మట్టి వాసన తప్ప ఏమీ లేదు.

"మరి మా బాయిలకెట్లొచ్చింది? రెక్కలు గట్టుకొని ఎగిరొచ్చిందా?"

"నడువు, పోయి సూద్దాం."

ఇద్దరూ షెడ్డు ముందు నుంచి బావి వైపు పారే మోరీ కాలువ వెంట నడిచారు. సన్నగా తుంపర పడుతోంది.

"గియ్యాల లేసుడే ఆలస్యమైందక్కా," అన్నాడు ఖుద్దూస్. "నీ గిరక చప్పుడు ఇనరాలే."

ఆ రోజుల్లో ఆ వాడకట్టుకు గడియారం ఆ గిరకే. సాయవ్వ తొలి బొక్కెన తోడుతుంటే అది కిర్రుమనేది. ఆ చప్పుడుకే బిల్కిస్ పొయ్యి రాజేసేది. ఆ చప్పుడుకే ఎదురింటి ముసలమ్మ ఊడ్పుకట్ట అందుకునేది.

"అందరి నిద్ర చెడుతున్నదని మా ఆయన్ను పోరుపెట్టిన," అంది సాయవ్వ కొంచెం గర్వంగానే. "నిన్న బాగుచేసిండు. ఇప్పుడు కుయ్యిమనదు, కయ్యిమనదు."

బావి దగ్గర మోరీ నీళ్లు గట్టుకు దూరంగానే మలుపు తిరిగిపోతున్నాయి. చుక్క కూడా లోపలికి పోవడం లేదు. సాయవ్వ గట్టు మీద చెయ్యి ఆనించి లోపలికి తొంగి చూసింది. నీళ్ల నిండా సింగిడే.

"మరి యాడికెళ్లి వస్తున్నది మిస్త్రీ?" ఈసారి ఆమె గొంతులో కోపం లేదు, బెంగ ఉంది.

వెనక నుంచి ఆమె పెనిమిటి దేవన్న ఖాళీ డబ్బా ఊపుకుంటూ వచ్చాడు.

"ఖుద్దూస్ భాయ్, మొన్న బండి ఇరుసుకని నువ్విచ్చిన నల్లనూనె ఆముదం కంటె మేలున్నది. మిగిలిందంత గిరకకు పోసిన, వానకు కొట్టుకపోయినట్టున్నది. ఇంకో డబ్బెడు పోస్తవా?"