వినడానికి ఒకరు

టిక్... టిక్... టిక్...

స్కూలు బోర్డు అధ్యక్షురాలు మార్లిస్ చదువుతున్న కాగితం దించి, వెనక వరస వైపు చూసింది.

"వెర్నా గారూ, మీ అల్లిక సూదుల చప్పుడు మైకులో పడుతోందండీ. ఇంట్లో వీడియో చూసేవాళ్లు గోల పెడుతున్నారు."

బడి లైబ్రరీలో జనం కోసం ముప్ఫై కుర్చీలు వేశారు. వాటిలో కూర్చున్నది వెర్నా ఒక్కతే. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి.

"అయ్యో, చూసుకోలేదమ్మాయ్," అని ఊలు ఉండ, సూదులు సంచిలో పెట్టేసింది.

బోర్డు మెంబరు డెల్బర్ట్ నవ్వాడు. "ఆ స్వెట్టర్ నాకేనా వెర్నా గారూ?"

"నీ పొట్టకి నా ఊలు చాలదు నాయనా."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే మార్లిస్ ఎన్నాళ్లుగానో నాలుక చివర ఉన్న మాట అడిగేసింది.

"మీ పిల్లలు గానీ మనవలు గానీ మన బళ్లో లేరు. పదకొండేళ్లుగా ఒక్క మీటింగు మానలేదు, లేచి ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకొస్తారండీ?"

"ఎవరో ఒకరు వినాలి కదమ్మాయ్."

"అదృష్టవంతులం. మా మాట మా ఇంట్లోనే ఎవరూ వినరు," అన్నాడు డెల్బర్ట్.

పై నెల నుంచి వెర్నా సూదులు తేలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, చివరిదాకా కూర్చుని వెళ్లిపోయేది. ఒకసారి మార్లిస్‌కి జాలేసి, 'పర్వాలేదు, తెచ్చుకోండి' అని చెబుదామనుకుంది. తర్వాత పనిలో పడి మరిచిపోయింది.

మరిచిపోక ఏం చేస్తుంది పాపం. జీతం లేని పదవి, తిట్లకు మాత్రం కరువు లేదు. పైగా ఆ ఏడాది ఊళ్లో ఉన్న ఒక్క చిన్నపిల్లల బడీ మూతపడేలా ఉంది. మే నెలలో జరిగే ఓటింగులో బడి పన్ను పెంచడానికి ఊరు ఒప్పుకోవాలి. లేకపోతే పిల్లలు రోజూ పాతిక మైళ్లు బస్సులో పక్క ఊరికి పోవాలి. మార్లిస్ అక్షరాలు దిద్దింది ఆ బళ్లోనే.

"ఈ పన్ను ఓటింగులో ఇంతకుముందు రెండుసార్లు నెగ్గాం. మన ఓటర్లు మనకున్నారు," అంటూ ఇంటింటి ముందు పచ్చికలో ప్లకార్డులు పాతించింది.

ఏప్రిల్ మీటింగు నాటికి వెనక వరస ఖాళీగా ఉంది.

"వెర్నా గారు పోయారట. నిద్రలోనే," అంది క్లర్కు. "బోర్డు తరఫున పూలు పంపమంటారా?"

మార్లిస్ నిట్టూర్చింది. "మంచి మనిషి. కానీ రూలు ప్రకారం మన సిబ్బందికే పంపుతాం కదా. ఆవిడకి బడితో ఏ సంబంధమూ లేదు."

మేలో ఓటింగు జరిగింది. ముప్ఫై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయారు.

"వద్దన్నవాళ్లు ఒక్కరూ పెరగలేదు," అన్నాడు డెల్బర్ట్ లెక్క చూసి. "ప్రతిసారీ వచ్చి మనకి వేసేవాళ్లే ఈసారి రాలేదు. ఏమైపోయారో."

మార్లిస్ వెళ్లి, కారులో కూర్చుని ఏడ్చింది.

ఆగస్టులో బస్సు వేళల కాగితాలు పట్టుకుని తనే ఇల్లిల్లూ తిరిగింది. తిట్టేవాళ్లుంటే తననే తిట్టనీ అనుకుంది. మాంసం ఫ్యాక్టరీ వెనకున్న, చక్రాల పెట్టెల్లాంటి ట్రెయిలర్ ఇళ్ల వీధిలో రొసౌరా అనే ఆమె తలుపు తీసింది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుని, అప్పుడే లేచినట్టుంది. మార్లిస్ తన పేరు, బోర్డు పేరు చెప్పి కాగితం చేతికిచ్చింది.

"ఆరుంబావుకి బస్సా? మావాడికి ఏడేళ్లు మేడమ్. బస్సులోనే నిద్రపోతాడు."

"తెలుసమ్మా. పన్ను ఓటు ఓడిపోయింది, అందుకే ఈ తిప్పలు. మీరు ఓటు వేశారా?"

"ఓటా? ఎప్పుడైంది?"

మార్లిస్‌కి చిర్రెత్తుకొచ్చింది. "ఊరంతా ప్లకార్డులు పెట్టాం కదమ్మా, కనబడలేదూ?"

"అవి ఎప్పుడూ ఏవో ఒకటి ఉంటూనే ఉంటాయి కదండీ. నాకు పౌరసత్వం వచ్చినప్పటి నుంచి ఒక్క ఓటూ పోనివ్వలేదు. ఈసారి ఫోను రాలేదు."

"ఏ ఫోను?"

"బడి గురించి వచ్చే ఫోను. మీ మీటింగు అయిన వారంలో ఒకరోజు, సరిగ్గా మేం నిద్రలేచే వేళకి వచ్చేది. మీరేం అనుకున్నారో, ఎవరు ఏమన్నారో ఒకావిడ నాకు అర్థమయ్యేదాకా నిదానంగా చెప్పేది. ఓటు ఏ రోజో, ఎక్కడ వెయ్యాలో కూడా ఆవిడే చెప్పేది. ఈ వీధిలో ఎనభై ఇళ్లకీ అదే ఫోను."

"మా ఆఫీసులో అలా ఫోన్లు చేసేవాళ్లు ఎవరూ లేరే."

"ఉన్నారండీ. ఎవరో పెద్దావిడ. 'మార్లిస్‌కి కాస్త నోటి దురుసు గానీ బడంటే ప్రాణం' అని చెప్పి, రెండుసార్లూ మాచేత మీకే వేయించింది."



"పేరు చెప్పిందా?" అని అడిగింది మార్లిస్.

"లేదండీ. కానీ మాట్లాడుతున్నంతసేపూ వెనకాల టిక్కు టిక్కుమని ఏదో చప్పుడొచ్చేది. మొన్న చలికాలంలో అదేంటని అడిగితే, 'అల్లిక సూదులమ్మా, ఇక్కడైతే ఎవరికీ అడ్డం కాదు' అంది."