స్టూలు మహిమ

"ఆ స్టూలు జోలికొస్తే బాగుండదు సార్!"

నీళ్ళ ఆఫీసు ఊడ్చే ఆవిడ చీపురు అడ్డం పెట్టి నిలబడింది. కొత్త ఆఫీసరు బిత్తరపోయాడు. సంతాప సభకి హాలు సర్దుతూ, కుంటికాలి స్టూలొకటి అడ్డంగా ఉందని బయట పారెయ్యమన్నాడు. అంతే, ఆఫీసంతా మీద పడింది.

ముందు వరసలో కూర్చున్న కూతురు తల తిప్పుకుంది. పోయింది తన తండ్రి. వీళ్ళు కొట్టుకుంటున్నది స్టూలు కోసం!

ఆ తండ్రిని ఊరంతా 'మిలిటరీ' అనే పిలిచేది. యుద్ధానికి రెండు చెవులతో వెళ్ళి ఒక చెవితో తిరిగొచ్చాడు. ఈ ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తాగా చేరి, ఇక్కడే రిటైరయ్యాడు. ఆయన కుర్చీకి కుడిపక్క గోడ, ఎడమపక్క ఈ స్టూలు. "పని మాటలు ఎదురుగా నిలబడి చెప్పండి. కడుపులో బాధ ఉంటే స్టూలు మీద కూర్చుని కక్కెయ్యండి. ఈ ఎడమ చెవి ఎలాగూ చచ్చింది, మీ గుట్టు ఎక్కడికీ పోదు" అనేవాడు.

"మా మేస్త్రీ నన్ను పాడు మాటలంటున్నాడని ఎవరికి చెప్పుకోను సార్? ఈ స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. వారం తిరక్కుండా వాడికి బదిలీ!" అంది ఊడ్చే ఆవిడ.

"మా వీధి కుళాయికి నీళ్ళొచ్చింది కూడా దీని మీద కూర్చున్నాకే" అన్నాడు పంపు డ్రైవరు. "ఆయన రిటైరయ్యాక దీని మహిమ కాస్త తగ్గిందిలెండి. పాతబడింది కదా."

"అయితే ఈ ఆఫీసులో పనులన్నీ స్టూలే చేసిందంటారు. మరి ఆఫీసర్లెందుకు?" అన్నాడు ఆఫీసరు.

"మేమూ అదే అనుకుంటుంటాం సార్."

హాలంతా ఘొల్లున నవ్వింది. ఆఫీసరు స్టూలుని దాని చోటే ఉంచి, పక్కనున్న ఆయన కుర్చీలో మిలిటరీ ఫొటో పెట్టించాడు. మైకు కూతురి దగ్గరికి తెచ్చాడు.

"మీరు నాలుగు మాటలు చెప్పండమ్మా."

"నేను చెప్పను."

"అదేంటమ్మా, కన్నకూతురివి!" అంది ఊడ్చే ఆవిడ.

"ఏం చెప్పమంటావు అక్కా? మా నాన్న నా మాట ఒక్కటీ విన్లేదు."

అబద్ధమాడలేక అన్న మాట అది. ఇంట్లోనూ ఆయన మంచం గోడవారనే ఉండేది. పై అధికారి కొడుకుతో తనకి పెళ్ళి కుదిర్చినప్పుడు, మంచం అంచున కూర్చుని, ఎదురుగా అనే ధైర్యం లేక, ఆ చచ్చిన చెవిలోనే గొణిగింది. "వాడంటే నాకు భయం నాన్నా. ఈ పెళ్ళి నాకొద్దు." ఆయన ఆవులించి కళ్ళు మూసుకున్నాడు. అదృష్టం బాగుండి, మర్నాడే మగపెళ్ళివాళ్ళు వెనక్కి తగ్గారన్నారు ఇంట్లో. ఆ తర్వాత పై అధికారి ఆయన్ని కొన్నాళ్ళు ఎండలో మీటర్లు చూసే పనికి తోశాడు. అయినా నీకేం కావాలమ్మా అని ఆయన అడిగిన పాపాన పోలేదు. ఆ మంట ఇవాళ్టికీ ఆమె గుండెలో అలాగే ఉంది.

అంతలో చేతికర్ర టకటకలాడిస్తూ ఒక ముసలాయన లోపలికొచ్చాడు. "మీ నాన్నా నేనూ ఒకే పటాలం తల్లీ. బస్సు దొరక్క ఆలస్యమైంది." తిన్నగా వెళ్ళి స్టూలు మీద కూలబడ్డాడు. ఫొటో మీదికి వంగి గుసగుసగా, "ఏరా, చెప్పకుండా పోయావేంరా?" అన్నాడు.

కూతురికి ఒళ్ళు మండింది. "అటు కాదు బాబాయిగారూ. ఆయనకి చెవుడు అటువైపే."

"ఎటువైపు?"

"ఎడమవైపు. అందరికీ తెలుసు. ఆయనే చెప్పేవారు."

ముసలాయన స్టూలు వంక చూశాడు. గోడ వంక చూశాడు. కిసుక్కున నవ్వాడు.

"దొంగ వెధవ! ఇంతమందిని ఏమార్చాడా? బాంబు పేలింది కుడిపక్క. నేనక్కడే ఉన్నా. ఎడమ చెవికేం తల్లీ? చీకట్లో శత్రువు గడ్డి మీద అడుగేస్తే ఆ చెవితోనే విని మా అందర్నీ బతికించాడు."

ఊడ్చే ఆవిడ చేతిలోంచి చీపురు జారిపోయింది.

కూతురు లేచింది. ఆఫీసరు మైకు అందించబోయాడు.

"మైకు వద్దు సార్" అంది. "ఆ స్టూలు చాలు."